ఫోల్కెర్ట్ సైకిలును వెనక్కి లాగిందెవరు

శనివారం పొద్దున్నే ఫోల్కెర్ట్ కొత్త ఎలక్ట్రిక్ సైకిలు వెనక మీగడ కేకు పెట్టె కట్టుకున్నాడు. అత్తగారి పుట్టినరోజు. ఆవిడ ఇల్లు సముద్రపు గట్టు చివరి ఊళ్ళో. కాఫీ వేళకి కేకు చేరాలి. ప్రతి ఏడూ ఆలస్యంగా వెళ్ళడం, ఎదురుగాలి మీద నెపం వేయడం ఫోల్కెర్ట్‌కి అలవాటు. పోయినేడు చుట్టాలంతా ఉత్త బిస్కట్లతో కాఫీ తాగి లేచారు. "ఈసారీ ఇంతే అయితే ఇక మీదట కేకు మా అబ్బాయి వీబె తెస్తాడు" అని అత్తగారు నలుగురిలో అనేసింది. ఉన్న ఒక్క అల్లుడికి అంతకంటే తలవంపులేముంటాయి?

ముందే పుట్టింటికి బయల్దేరిన భార్య అఫ్కె వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది.

"ఏమయ్యా, మోటారున్న బండి కొనుక్కున్నావు. ఇంక గాలి పేరెత్తితే బాగుండదు."

"ఎత్తను. ఒట్టు."

తోడుగా బావమరిది వీబె తన తుప్పు సైకిలు మీద బయల్దేరాడు. గట్టెక్కగానే ఫోల్కెర్ట్ బండి నీళ్ళ మీద బాతులా సాగిపోయింది. వెనకబడ్డ వీబె అందుకోవాలని ఫోల్కెర్ట్ కాళ్ళు ఆపాడు. అంతే, ఎవరో చొక్కా పట్టి లాగినట్టు బండి నీరసపడింది.

"ఒరే వీబే, తొక్కడం ఆపితే మోటారు వెనక్కి లాగుతోందిరా."

"అది ఎదురుగాలి బావా. నువ్వు తొక్కుతుంటే మోటారు దాన్ని నీకు తెలియనివ్వదు. ఆపగానే తెలుస్తుంది."

"గాలి మాట ఎత్తకు. ఒట్టేశాను."

వీబె బావ మొహం కేసి చూశాడు. అంత మంచి అవకాశం మళ్ళీ దొరకదనిపించింది.

"అయితే అయస్కాంతాలే బావా. మోటారులో ఉంటాయి. తొక్కినంతసేపూ చెప్పిన మాట వింటాయి, ఆపితే అలుగుతాయి."

"అలా చెప్పు. ఇప్పుడేం చెయ్యాలి?"

"బ్యాటరీ తీసెయ్. తిండి లేకపోతే అవే దారికొస్తాయి."

ఫోల్కెర్ట్ బ్యాటరీ తీసి వీబె సంచిలో వేశాడు. ఇప్పుడు తొక్కినా బండి కదలడం లేదు. "చూశావా, ఎంత కక్షో" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నా సైకిలూ ఆగిపోతోంది బావా. దీనికి మోటారే లేదు."

"నీది ముసలిది. దాని సంగతి వేరు."

ఎదురొచ్చిన గొర్రెల కాపరి బండిని చుట్టూ తిరిగి చూసి, బ్రేకులు చక్రానికి రాసుకుంటున్నాయేమో అన్నాడు. రాసుకోవడం లేదని వీబె చెబుతూనే ఉన్నాడు. ఫోల్కెర్ట్ అప్పటికే రెండు బ్రేకుల తీగలూ వదులు చేసేశాడు. చక్రం తిప్పి చూస్తే హాయిగా తిరిగింది. బండి మాత్రం గట్టు పొడుగునా మొండికేస్తూనే ఉంది. దూరాన చర్చి గంట మోగింది. అత్తగారింట్లో కాఫీ పొయ్యెక్కే వేళ.

గట్టు చివర దారి వెనక్కి మళ్ళి, పల్లంలోకి దిగి, తిన్నగా అత్తగారి తోటలోకి పోతుంది. మలుపు తిరగగానే ఫోల్కెర్ట్ కాళ్ళు ఆపాడు. బండి ఆగలేదు సరికదా, జోరందుకుంది.

"వదిలేసిందిరా వీబే, అయస్కాంతం వదిలేసింది."

"బ్రేకు పట్టు బావా."

"ఏది, ఎక్కడుంది?"

తోటలో చుట్టాలంతా కుర్చీలు గుండ్రంగా వేసుకుని, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుని, అప్పుడే కప్పులు చేతికి తీసుకున్నారు. కంచె విరిగింది. ఫోల్కెర్ట్ బంతిపూల మడిలో పడ్డాడు. కేకు పెట్టె మాత్రం ఆగకుండా ముందుకే వెళ్ళింది.

అత్తగారు కళ్ళద్దాల మీద మీగడ తుడుచుకుని గడియారం చూసింది.

"వేళకే వచ్చావే. ఎలా వచ్చావు?"

ఫోల్కెర్ట్ అఫ్కె వంక బిక్కుబిక్కుమంటూ చూసి గొంతు తగ్గించాడు. "గాలి తోసింది అత్తయ్యా."

"అయితే వచ్చే ఏడూ నువ్వే తే. పెట్టె మాత్రం వీబె చేతికియ్యి."

పుట్టినరోజుకి మనిషికి ఒక్క ముక్క కేకే పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఆ పూట మాత్రం అత్తగారికి మొత్తం కేకు దక్కింది.