మెట్టు కింద మంచం బోల్టులు

వీధిలో అందరూ అతన్ని విప్పుడురాయుడు అంటారు. ఫ్యానైనా, గడియారమైనా చేతికి చిక్కిందా, ఊడదీయాల్సిందే. ఊడదీసినదాన్ని తిరిగి బిగించగా చూసినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

అలాంటివాడి చేతికి మామగారు తన పాత లారీ అప్పగించారు. పెద్దాయన పిల్లల్ని పెంచింది ఆ లారీ తోలే. మోకాళ్ళు సహకరించక పక్కన పెట్టేశాక, పాపం అది తుప్పు పట్టిపోయింది.

"ఒక్కసారి మళ్ళీ దాని స్టీరింగు పట్టుకోవాలనుంది అల్లుడూ," అన్నారు.

"నాకొదిలేయండి మావయ్యగారూ!" అని రాయుడు ఛాతీ విరుచుకున్నాడు.

ఇంజను పని మెకానిక్ చూసుకున్నాడు. బాడీ పనిలో మాత్రం రాయుడు ఎవర్నీ వేలు పెట్టనివ్వలేదు. తలుపులు, బానెట్టు, ఎక్కే మెట్టు అన్నీ ఊడదీసి తనే రంగు వేశాడు.

"దేని బోల్టులు దానికి విడిగా మూట కట్టుకోండి," అంది భార్య.

"మూటలెందుకే? అన్నీ ఇక్కడున్నాయి," అంటూ నుదురు తట్టుకున్నాడు.

నుదుట్లో ఉన్నాయో లేదో గానీ, డబ్బాలో సగం లేవు. షెడ్డు ఊడుస్తూ, తుక్కుతోపాటు వాటినీ తన చేత్తో తనే పారబోశాడు మహానుభావుడు.

మామగారు వారంలో వస్తారనగా ఈ సంగతి బయటపడింది. ఫోను చేసి "బోల్టులు పోయాయండీ" అంటే సరిపోయేది. అంటే అల్లుడి పరువేం కావాలి? రాయుడు ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. అబ్బ, ఒక్క ఇంట్లో ఎన్ని స్క్రూలు!

అల్మారావి లారీ తలుపుకెళ్ళాయి. కుర్చీలవి బానెట్టుకెళ్ళాయి. మంచం కోళ్ళ బోల్టులు ఎక్కే మెట్టు కిందికి చేరాయి.

"ఏవండీ, అల్మారా తలుపు ఊడి నా చేతిలోకొచ్చింది!"

"పాతబడింది కదే."

"కుర్చీ కూడా ఊగుతోంది."

"నువ్వు కాస్త ఒళ్ళు చేశావేమో."

ఆ మధ్యాహ్నం కునుకు తీద్దామని ఒరిగితే, మంచం అతనితో సహా నేల కూలింది.

"మీరు కూడా ఒళ్ళు చేసినట్టున్నారు," అంది భార్య, గుమ్మంలో నిలబడి.

అనుకున్న రోజున మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. లారీ చుట్టూ తిరిగి, తలుపు తీసి ధనామని వేశారు. రాయుడి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు మాత్రం ఊడలేదు. బానెట్టు ఎత్తి దించారు. అదీ ఊడలేదు.

"బోల్టులన్నీ దీనివేనా అల్లుడూ?"

ఏదీ ఊడకపోయేసరికి మనవాడికి ఊపొచ్చింది. "అచ్చంగా దీనివే! కొన్ని దొరక్కపోతే పాత ఇనుప కొట్లన్నీ జల్లెడ పట్టాను. ఎండకి ఎలా నల్లబడ్డానో చూడండి!"

"అయ్యో పాపం," అన్నారు మామగారు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగి, అల్లుడి మొహంలోకి చూశారు.

"ఎక్కనా?"

మెట్టు కింద ఉన్నవి మంచం బోల్టులని రాయుడికి తెలుసు. అవి మనిషి బరువు ఆపకపోవచ్చనీ తెలుసు, ఆ మోకాళ్ళ సంగతీ తెలుసు. "వద్దు" అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఇప్పుడే కోసిన ఇనుప కొట్ల కోతలు దానికి అడ్డం పడ్డాయి.

"ఎక్కండి," అన్నాడు.

పెద్దాయన ఎక్కారు. మెట్టు కిర్రుమనైనా అనలేదు. సీట్లో సర్దుకుని కూర్చుని కిందికి చూశారు.

"నిన్న నువ్వు ఆఫీసుకెళ్ళాక అమ్మాయి ఈ మెట్టు కింద మంచం బోల్టులు చూసి నాకు ఫోను చేసింది. నేను దాచుకున్న లారీ బోల్టులు తెచ్చి ఇద్దరం కూర్చుని అన్నీ మార్చేశాం. కనీసం నేను కాలు పెట్టేటప్పుడైనా నోరు తెరుస్తావేమోనని చూశానయ్యా."

రాయుడికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు.

"తప్పయిపోయింది మావయ్యగారూ," అన్నాడు నేల చూస్తూ.

"బోల్టులు పోవడం తప్పు కాదయ్యా. నా చేతిలో ఎన్ని పోలేదు?" అంటూ పెద్దాయన స్టీరింగు నిమిరారు.

భార్య లోపలికెళ్ళి గిన్నె నిండా స్క్రూలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇవి మనింటివి. ఎక్కడివక్కడ బిగించండి. నేను నాన్నతో ఒక చుట్టు తిరిగొస్తాను." రెండో వైపు నుంచి ఎక్కి కూర్చుంది.

"నేనూ రానా?" అన్నాడు రాయుడు, బిక్కమొహంతో.

"మంచం బిగించాక ముందు మీరు పడుకుని చూడండి," అంది ఆవిడ తలుపు వేసుకుంటూ. "నిలబడితే అప్పుడు ఆలోచిద్దాం."