నిశ్శబ్ద ఎత్తిపోతల

రాష్ట్రంలోనే మొట్టమొదటి నిశ్శబ్ద ఎత్తిపోతల పథకం సత్తెనపల్లి అవతల ముళ్ళగుంటపాలెంలో దిగ్విజయంగా నడుస్తున్నందుకు సంబంధిత వర్గాలు హర్షం వ్యక్తం చేశాయి. నీళ్ళు రావడం లేదన్న చిన్న సంగతిని ఆ హర్షానికి అడ్డు రానివ్వలేదు.

ఈ ఘనత యావత్తూ నీటి సంఘం అధ్యక్షుడు అల్లాబక్షుగారిది. ఆయనకు మూడెకరాల మిరప చేను, ఇస్త్రీ నలగని ఒక తెల్ల లాల్చీ, మైకంటే చెప్పలేనంత మక్కువ ఉన్నాయి. చేను నిండు పూత మీదుంది. ఆ వారంలో ఒక తడి పడకపోతే పూత రాలి ఏడాది కష్టం మట్టిపాలేనని భార్య గుల్షన్ రోజూ గుర్తు చేసేది. పంపుహౌసు ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చేదీ ఆ వారమే. అల్లాబక్షుకు ఈ రెండోదే బాగా గుర్తుండేది.

చిక్కల్లా పంపుతోనే వచ్చింది. ట్రయల్ పేరుతో నడుస్తున్న ఆ పంపు లోపల ఎవరో కంకర దంచుతున్నట్టు మోత. ఊరికి అది అలవాటైపోయింది, మోత వినగానే పార భుజాన వేసుకుని చేలకు పరిగెత్తేవాళ్ళు. కానీ ఆ గోలలో స్వాగతోపన్యాసం ఎవడికి వినబడి చస్తుంది? అద్దం ముందు నిలబడి అల్లాబక్షు నోరు నొప్పెట్టేలా సాధన చేసిన ఉపన్యాసమాయె!

శాఖవారు ఇంజనీరు బిందుమాధవిని పంపారు. నీటిలో మునిగిన వస్తువుల చుట్టూ పుట్టే బుడగల మీద ఆమె ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. దాని గురించి అంతదాకా అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు కాబట్టి సంబరంగానే వచ్చింది. గిర్రున తిరిగే రెక్కల దగ్గర ఒత్తిడి పడిపోయి నీళ్ళు కాగకుండానే బుడగలు కడతాయనీ, అవి పగిలే మోతే ఇదనీ, ఇనుమును కూడా కొరికేస్తాయనీ, కాస్త గాలి ఎక్కిస్తే ఆ దెబ్బ మెత్తబడుతుందనీ ఓపికగా చెప్పింది. అల్లాబక్షు చివరి ముక్క మాత్రం పట్టుకున్నాడు. ఆమె నీళ్ళు పీల్చే గొట్టానికి చిన్న గాలి వాల్వు పెట్టించింది.

“గాలి పులుసులో ఇంగువలాంటిదండీ, చిటికెడు చాలు. ఎక్కువైతే పంపు తిరుగుతుంది గానీ నీళ్ళెత్తదు,” అంది.

ప్రారంభోత్సవం నాడు చిటికెడు గాలితోనే మోత కాస్తా గొణుగుడులోకి దిగింది. మంత్రిగారి ఎదుట గొణగడం మాత్రం మర్యాదా? అల్లాబక్షు స్వహస్తాలతో వాల్వు చివరికంటా తిప్పాడు. పంపు నోరు మూసుకుంది. వెనక వరసలో లేచి నిలబడ్డ బిందుమాధవిని కార్యకర్తలు సగౌరవంగా కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. పొద్దున ఎత్తిన నీళ్ళు తొట్టిలో ఉండనే ఉన్నాయి. వాటికి పసుపు కుంకుమలు చల్లి, చీర సమర్పించి, హారతిచ్చారు.

“చప్పుడు లేని అభివృద్ధి అంటే ఇదీ! ఈ వాల్వు ఇలాగే ఉండాలి!” అన్నారు మంత్రిగారు. చప్పట్లు మిన్నంటాయి. అల్లాబక్షు వాల్వుకు తాళం వేసి చెవి లాల్చీ జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఊరు ఊరంతా పారలు పట్టుకుని మోత కోసం చెవులు రిక్కించింది. మోతా లేదు, కాలవలో చుక్కా లేదు. అడగవచ్చిన వాళ్ళకు అల్లాబక్షు పేపర్లో పడ్డ ఫొటో చూపించాడు. అందులో తామూ ఉన్నామని చూసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. వినుకొండ నుంచి ఒక బృందం వచ్చి ఆ నిశ్శబ్దాన్ని సందర్శించి వెళ్ళింది. బిందుమాధవి రోజూ ఫోన్ చేసి వాల్వు తగ్గించమని బతిమాలింది. మంత్రిగారు మెచ్చిన వాల్వును ముట్టుకోవడం సభ్యత కాదని ఆయన సెలవిచ్చాడు. పైగా ఉత్తమ అధ్యక్షుడి శాలువాకు ఆయన పేరు వెళ్ళింది, పరిశీలకులు శుక్రవారం వస్తున్నారు.

“ఏవండీ, ఆ తాళం తీయండి. పూత రాలిపోతోంది,” అంది గుల్షన్.

“శుక్రవారం దాకా ఆగవే.”

అన్నాడే గానీ చేలోకి వెళ్ళి చూస్తే కాళ్ళ కింద తెల్లగా పూత. తాళం తీసేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. అంతలో డొంకలో పోతున్న రైతు దానయ్య “నమస్కారం అధ్యక్షుడుగారూ” అన్నాడు. చెవి వదిలేసి ఆ చెయ్యి నమస్కారానికి లేచింది.

శుక్రవారం పరిశీలకులు పంపుకు చెవి ఆనించి, ఏమీ వినబడక పరమ సంతృప్తి చెంది, శాలువా కప్పారు. వాళ్ళ కారు మలుపు తిరగగానే అల్లాబక్షు తాళం ఊడబీకి వాల్వు బిగించాడు. పంపులో ఉన్న గాలి తీయించి, నీళ్ళు పోయించి మళ్ళీ ఆన్ చేశాడు. పంపు భోరున అరిచింది, నీళ్ళు విరుచుకుపడ్డాయి. శాలువాతోనే పరిగెత్తి మడవ తిప్పాడు. నీళ్ళు సాళ్ళ వెంట చక్కగా పారాయి. రాలిన పూత తేలుకుంటూ గట్టుకు చేరింది.

“ఆ శాలువా చేనుకు కప్పండి,” అంది గుల్షన్.

తమ ఊరికింత పేరు తెచ్చిన మనిషిని ఊరికే వదిలేస్తే బాగుండదని, చేలు ఎండిన రైతులంతా చందాలు వేసుకుని ఆదివారం ఆయనకు సన్మానం పెట్టారు. పంపు మోతగా నడుస్తోంది, మిగిలిన చేలకు అప్పుడే తడి అందుతోంది. ఉపన్యాసాలు సరిగా వినబడటం లేదని జనంలోంచే కేకలు లేచాయి. మొదటి వరసలోంచి దానయ్య లేచి, తన చేనుకు తడి అందకముందే, వెళ్ళి వాల్వు మళ్ళీ చివరికంటా తిప్పి వచ్చాడు. తర్వాత ప్రతి మాటా ఎంత స్పష్టంగా వినబడిందో, చప్పట్లు కొట్టిన మీకు నేను చెప్పాలా?