హనుమక్క మూడేసి మింగిన మాత్రలు

ఆ ఊళ్లో ఎవరింట విందైనా హనుమక్క గరిటె తిప్పాల్సిందే. ఆ రోజు వనజాక్షి వాళ్ల కొత్తింట్లో ఊరందరికీ సంగటి, పొట్టేలు పులుసు. తెల్లారగానే గరిటెలు మూటగట్టింది గానీ, ఆమె మనసు మనసులో లేదు.

ఈ మధ్య ఆమె పెదవుల మూలలు పగిలి, కారం తగిలితే ప్రాణం పోయేది. రుచి చూడని వంటమనిషిని ఎవరు పిలుస్తారు చెప్పండి? ఊరికొచ్చిన నర్సు రూతు అట్లా మూలలు పగిలిన ఆడవాళ్లందరికీ బీ2 విటమిన్ మాత్రలిచ్చి, రోజుకు ఒకటి చాలంది. విందు తొందరలో హనుమక్క మూడేసి మింగింది. మూలలు మానాయి. మూత్రం మాత్రం పచ్చగా పసుపు కలిపినట్టు వస్తోంది. కామెర్లే అనుకుంది. కామెర్ల మనిషి చేతి కూడు ఎవరు తింటారని నోరు మెదపలేదు.

నీళ్ల ట్యాంకరు రాక మరుగుదొడ్డికి చెంబు నీళ్లే దిక్కు. ఆ పచ్చదనం పూర్తిగా పోక కోడలు హేమ కంటబడింది. అప్పుడే అందులోంచి బయటికొచ్చింది ఆమె మొగుడు వీరేష్. ఇంకేముంది, అతనికే కామెర్లనుకుని మంచమెక్కించి, పక్కింట్లో కామెర్ల ఆకు అడిగి తెచ్చి పసరు తీసి, ఉప్పులేని గంజి కాచింది.

"నాకేం కాలేదు. ఊరికే ఎందుకు సంపుతాండావు?"

"నీ కండ్లు పచ్చంగా కనపడతాండాయి. మూసుకోని తాగు."

నిజం చెబితే వంట పోతుంది. విందయ్యాక చెప్పుకుందాంలే అని హనుమక్క కొడుకు తల నిమిరింది. "తాగు నాయనా, మంచిదే."

అంతలో వనజాక్షి ఫోను. విందు ఆపేశారట, కారణం అడగొద్దట. పక్కింటివాళ్లు కామెర్ల మాట అక్కడికి మోసేశారనుకుంది హనుమక్క. కొడుక్కి కామెర్లు లేవని రూతు చేత చెప్పిస్తే గానీ పని దక్కదని, కొడుకునూ కోడలినీ ఈడ్చుకుంటూ ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తింది.

రూతు వీరేష్ కళ్లు చూసి తెల్లగా ఉన్నాయంది. హనుమక్కకు ఇక దాచే ఓపిక లేకపోయింది. అంతా కక్కేసింది.

"మూడేసి మింగితే బిరిన మానుతాదా అక్కా? ఒంటికి కావల్సింది పోను మిగిలింది ఆ రంగులో బయటికి పోతాది. ఒకటి మింగినా అంతే, భయం లేదు. రోజుకొకటి, అన్నం తిన్నాక. పాలు, గుడ్డు, ఆకుకూర తిను. కండ్లు పచ్చబడితే మాత్రం పసరు తాగకుండా నేరుగా ఈడికి రా."

వీరేష్ తల్లి వైపు తిరిగాడు. "అంటే రోగం నీదనుకున్న్యావు, పసరు నాకు తాపించినావు."

ఆమె అప్పటికే వనజాక్షి ఇంటి దారి పట్టింది. వెనక వసారాలో ఒంటరిగా కూర్చున్న వనజాక్షి ముందు గిన్నెడు గంజి ఉంది. తన ఇంట్లో ఎవరికీ కామెర్లు లేవని, అంతా మాత్రల రంగేనని హనుమక్క గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

వనజాక్షి గంజి గిన్నె మెల్లగా పక్కకు నెట్టింది. "ఆ మాత్రలు నేనూ మింగుతాండానక్కా. నాకే వచ్చిందని విందు ఆపేసినా. మా ఇంటాయనకు గూడా చెప్పలే." లేచి కొంగు దోపుకుంది. "పో, పొయ్యి ముట్టించు."

పులుసు ఉడికేలోగా ఈ సంగతి ఊరంతా తిరిగింది. ఆ సాయంత్రం చాలా ఇళ్లలో ఆడవాళ్లు చాటుగా కాచుకున్న ఉప్పులేని గంజి మేకలకు దొరికింది.