ఇన్‌స్పెక్టరు గారి కడుపులో గేరి నీళ్లు

"మానవ శరీరమంటే మరేమీ కాదు, భగవంతుడు నడిపే జిల్లా కచేరీ!"

ఈ మహావాక్యం నాది కాదు. మా హెల్తు ఇన్‌స్పెక్టరు ప్రాణేశరావు గారిది. నా పేరు గౌస్ పీర్. దొరతనం వారి ఆరోగ్య ప్రచారంలో మ్యాజిక్ లాంతరు వేసేవాణ్ణి. ఆయన ఊరూరా తిరిగి ఉపన్యాసమిస్తుంటే, వెనక నిలబడి తెల్లగుడ్డ మీద బొమ్మలు చూపించడం నా పని. జ్ఞానం ఆయనది, కిరసనాయిలు కంపు నాది.

ఆయన ఉపన్యాసాలన్నిటిలోకీ గొప్పది 'తాగిన నీరు ఏమగును?' అన్నది. వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. నోరు ఇన్వార్డు గుమాస్తా అట. నీళ్లు వచ్చి పడితే పుచ్చుకుని లోపలికి తోస్తుంది. కడుపు హెడ్డు గుమాస్తా. అన్నం వస్తే గంటలకొద్దీ నానబెడుతుంది గానీ నీళ్లను మాత్రం ఎక్కువసేపు ఆపదు, మాకు సంబంధం లేదంటూ కింది సెక్షనుకు పంపేస్తుంది. ఆ సెక్షనే పేగులు. అసలు పనంతా అక్కడే! నీళ్లను పీల్చి రక్తంలో కలుపుతాయి. రక్తం తపాలా బంట్రోతు, ఒళ్లంతా తిరిగి పంచిపెడుతుంది. ఆఖరున మూత్రపిండాలు, వీళ్లు ఆడిటర్లు. ఎంత ఉంచాలో ఎంత తీసెయ్యాలో తేల్చి, అక్కర్లేనిది రికార్డు రూముకు దింపుతారు. ఆ రూము నిండితే ఏం చెయ్యాలో మాత్రం, సభలో స్త్రీలున్నారు గనక, ఆయన చెప్పేవారు కాదు.

ఇంతటి కచేరీకి ఆ యేడు కర్నూలు జిల్లాలో పని లేకుండా పోయింది. వానలు మొహం చాటేశాయి. హంద్రి ఎండి ఇసుకపర్ర అయింది. అందుకని సర్కారు బాగా ఆలోచించి, నీళ్లు దొరకని జనానికి నీళ్లు ఎలా అరుగుతాయో చెప్పమని మమ్మల్ని పంపింది!

కోడుమూరుకు అవతల గుండ్లదిన్నె అని ఒక ఊరు. అక్కడ మాకు ఉపన్యాసంతో పాటు ఇంకో ఘనకార్యం కూడా అప్పగించారు. కరువు పనుల కింద ఆ ఊళ్లో కొత్త బావి తవ్వించారు. తవ్విందెవరంటారా? ఊరికి అవతల విడిగా ఉండే గేరి జనం. అంటరానివాళ్లన్న పేరు పెట్టి ఊరు దూరంగా ఉంచినవాళ్లు. రాయి పగలగొట్టిందీ, మట్టి మోసిందీ వాళ్లే. అప్పుడు వాళ్ల చెయ్యి తగిలి ఆ రాయి మైలపడలేదు. నీళ్లు పడేసరికి మాత్రం ఊరికి మడి గుర్తొచ్చింది.

సర్కారు బావి అందరిదీ అని పైనుంచి హుకుం ఉంది. ఊరిపెద్ద ఓబుళరెడ్డి హుకుముకు ఎదురుచెప్పే మనిషి కాడు, మహా విధేయుడు. "హుకుం నెత్తిన పెట్టుకుంటాం. అయితే నీళ్ల మంచిచెడ్డలు ఆరోగ్యం వాళ్లు చెప్పాల గదా! సారొచ్చి చెప్పేదాకా గేరోళ్లు గట్టెక్కొద్దు" అన్నాడు. ఆ చెప్పే సారు మా సారు.

కోడుమూరులో బండెక్కాం. ప్రాణేశరావు గారు ఎక్కడికి వెళ్లినా ఒక మట్టికూజా నిండా తుంగభద్ర నీళ్లు, మూతికి తడిగుడ్డ కట్టి తెచ్చుకునేవారు. ఇతరుల ఇంటి నీళ్లు ముట్టరు. కులం వల్ల కాదు సుమండీ, క్రిముల వల్ల! చదువుకున్నవారు గనక 'మైల' అనే పాతమాట ఆయన నోట రాదు. కోమటింటి నీళ్లలో కొన్ని క్రిములు, రెడ్డిగారింటి నీళ్లలో ఇంకొన్ని, నా సీసాలో లెక్కలేనన్ని. తన ఇంటి నీళ్లలో మాత్రం ఒక్కటీ లేదు.

దారిలో బండిచక్రం గుంతలో పడింది. కూజా పగిలింది. తుంగభద్ర కాస్తా ఎర్రమట్టిలో ఇంకిపోయింది.

"సార్, నా సీసాలో నీళ్లున్నాయి, కాస్త తాగండి" అన్నాను.

"నీ క్రిములు నీ దగ్గరే ఉంచుకో పీరూ!" అన్నారు.

సరే, నా క్రిములను నేనే తాగేశాను. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆయన పెదవులు పగిలాయి. మాట ముద్దగా వచ్చింది. బండి హంద్రిలో దిగేసరికి కళ్లు తేలేసి నా ఒళ్లోకి ఒరిగిపోయారు. ఆఫీసరు పోతే ఎవరికి జవాబు చెప్పుకోను?

కొంచెం దూరంలో ఒక పెద్దావిడ ఇసుకలో చెలమ తవ్వుకుని కూర్చుంది. ఆ గుంతలో ఊటగా వచ్చే నీటిని టెంకాయ చిప్పతో కుండలోకి తోడుకుంటోంది. పొద్దున వచ్చిన మనిషికి అప్పటికి కుండ సగం కూడా నిండలేదు. గేరికి చెందిన రాహేలమ్మ.

"అయ్యో, ఎవురు సాయిబూ ఈయప్ప? కండ్లు తేలేసినాడే!" అంటూ లేచి వచ్చింది.

"సర్కారు మనిషమ్మా. గుక్కెడు నీళ్లు పోస్తావా?"

"పోసేదానికేమి? మా కుండ నీళ్లు తాగుతాడా? పానం వచ్చినాక నా మీదికి రాడు గదా?"

ప్రాణేశరావు గారు ఒక కన్ను తెరిచారు. "పైనుంచి పోయ్... కుండ తగలకుండా..." అన్నారు.

అంత దాహంలోనూ ఎంత నిష్ఠ! మోకాళ్ల మీద వంగి దోసిలి పట్టారు. ఆమె నిలబడి కుండ ఎత్తి పోసింది. మా సీమలో దోసిలి పట్టి వంగేది ఎవరో, నిలబడి పైనుంచి పోసేది ఎవరో పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి. ఇటుది అటు కావడం చూడటం అదే మొదటిసారి. ఒకసారి కళ్లు నులుముకున్నాను.

ఆయన తాగారు, తాగారు, కుండ అడుగు కనబడేదాకా తాగారు.

"మీరేనా సామీ బావి సంగతి చెప్పే దొర?" అంది రాహేలమ్మ, ఖాళీ కుండ దించుతూ. "నా కోడలు పచ్చిబాలింత. నీళ్లు లేక పాలెండిపాయ. బిడ్డ ఏడ్సేదానికి గూడా శక్తి లేక మూలుగుతాండాది. ఈడ తోడుకోని ఆడికి పోయేతలికి పొద్దు పోతాది. ఆ బాయి నీళ్లు రెండు కడవలిప్పిస్తే ఇద్దరు బతుకుతారు సామీ!"

"చూస్తాం, చూస్తాం" అన్నారాయన మూతి తుడుచుకుంటూ. బండెక్కాక నా చెవిలో, "పీరూ, ఇది తాగడం కిందికి రాదు. ఔషధ సేవనం! ఎక్కడా అనకు" అన్నారు.

ఊళ్లో ఓబుళరెడ్డి మజ్జిగ తెప్పించాడు. మా సారు చెయ్యి అడ్డం పెట్టారు. "క్షమించాలి. పొద్దుటినుంచీ తుంగభద్ర నీరు తప్ప నోట పోయలేదు. నియమం!" ఊరిపెద్దలు ఆహా అని తలలూపారు. ఆ నియమం తప్పకుండానే ఆయన రెండుసార్లు కంపచెట్ల వెనక్కు వెళ్లొచ్చారు. ఆడిటర్లు పనిలో ఉన్నారన్నమాట!

దీపాలవేళకు సభ. ఊరు ముందు కూర్చుంది, గేరి దూరంగా నిలబడింది. నేను పేగుల బొమ్మ వేశాను. ఓబుళరెడ్డి చెవి రిక్కించి కూర్చుని ఒక్క ముక్క వదలకుండా విన్నాడు. ఆఖరున అందరూ ఎదురుచూస్తున్న అభిప్రాయం వచ్చింది.

"నాగరిక శాస్త్రం కులం చూడదు! క్రిములను మాత్రమే చూస్తుంది. ఆ క్రిములు, విచారించదగ్గ విషయమేమంటే, గేరివారి కుండల్లోనే ఎక్కువ. ఆ కుండ బావిలో దిగితే ఊరంతా కలరా! కనక ఆరోగ్యరీత్యా..."

చప్పట్లు మోగాయి. చప్పట్లు వింటే ఆయనకు ఒళ్లు తెలియదు. ఇంకో మెట్టు ఎక్కారు. "అంతేకాదు! ఆ కుండ నీళ్లు ఒక్క గుక్క తాగినవాణ్ణయినా సరే, ఎంతటివాణ్ణయినా సరే, పది రోజులు కలరా షెడ్డులో ఉంచాలి!"

గేరివైపు నుంచి రాహేలమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతులో ఏడుపు లేదు.

"అట్లయితే మీ సంగతేంది సామీ? మధ్యాన్నం హంద్రిలో నా కుండ ఖాళీ చేసినది మీరే గదా!"

నేను కంగారులో మూత్రపిండాల బొమ్మ వేసేశాను.

"అబద్ధం!" అని గర్జించారు ప్రాణేశరావు గారు. ఊరంతా నావైపు తిరిగింది. ఆయన్ను కాపాడటం నా ధర్మం గనక, "సారు తాగలేదు రెడ్డీ! ఔషధంగా సేవించారు, అంతే" అన్నాను.

ఓబుళరెడ్డి లేచి రెండు చేతులూ జోడించాడు. "సార్, మీ మాట మాకు శాసనం. ఎంతటివాణ్ణయినా అంటిరి గదా, షెడ్డుకు దయచేయండి."

వెనుకటి కలరా నాడు ఊరి బయట వేసిన రేకుల షెడ్డు అది. సారును అందులో పెట్టి బయట గొళ్లెం వేశారు. భోజనం, నీళ్లు కిటికీలోంచి అందించడానికి ఊళ్లో ఒక్కరూ రాలేదు. క్రిములంటే అంత భయం పుట్టించారాయన! తెల్లవారేసరికి, ఊళ్లో నేను మళ్లీ నింపుకున్న నా సీసానే అడిగి పుచ్చుకుని గడగడా తాగేశారు. నా క్రిములు ఆ రాత్రికి రాత్రే చచ్చిపోయాయి కాబోలు.

పొద్దున ఓబుళరెడ్డి దూరంగా వచ్చి నిలబడ్డాడు. కిటికీ ఊచలు పట్టుకుని మా సారు మొదలుపెట్టారు.

"రెడ్డీ, ఆ నీళ్లు నిన్ననే బయటికి పోయాయయ్యా! నేనే స్వయంగా..."

"అన్నీ యాడ పోయినాయి సార్? పేగులు పీల్చి రక్తంలో కలుపుతాయని మీరే చెప్తిరి గదా! చెమటలో కొన్ని పోయింటాయి, ఉచ్చలో కొన్ని పోయింటాయి. తక్కిన గేరి నీళ్లు మీ ఒంట్లోనే తిరుగుతాండాయి."

"రక్తంలో కలిశాక అవి గేరి నీళ్లెలా అవుతాయి? అవి నేనే!"

"అదే సార్ మా భయం!"

ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో ఇంత శ్రద్ధగా విన్న శ్రోత ఆయనకు దొరకలేదు. దొరికినందుకు మొహంలో ఆనందం మాత్రం లేదు. ఎండ రేకుల మీదికెక్కుతోంది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ప్రాణేశరావు గారికి శాస్త్రంలో ఒక కొత్త సత్యం తట్టింది.

"వినండయ్యా! గేరి నీళ్లలో క్రిములు లేవు! వారి కుండల్లో లేవు, వారి చేతుల్లో లేవు! నేను ప్రాణాలకు తెగించి తాగి మరీ పరీక్షించాను. నిన్న చెప్పింది సిద్ధాంతం, నేడు చెప్పేది అనుభవం!"

ఓబుళరెడ్డి కాసేపు గడ్డం గోక్కుని గొళ్లెం తీయించాడు. ఊరంతా కలిసి సారును బావి దగ్గరికి తీసుకొచ్చింది. అక్కడికి రాహేలమ్మ కుండ, చేంతాడు పట్టుకుని అప్పుడే వచ్చింది.

"యాడికి?" అన్నాడు రెడ్డి.

"నీళ్లకు. మా కుండలో ఏ దోసమూ లేదని సారే చెప్పె గదా."

"అదే నేననేది! మీ చెలమ నీళ్లు అంత మంచివని సర్కారే చెప్పినాక, మీకీ బాయితో పనేముండాది!"

ఊరు గొల్లున నవ్వింది. ప్రాణేశరావు గారు బండివైపు ఒక అడుగు వేస్తూ, "తర్కం సబబుగానే ఉంది" అన్నారు. సిగ్గులేని మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది.

రాహేలమ్మ నవ్వలేదు. "నిన్న మా నీళ్లు చెడ్డవి, అందుకే బాయి లేదంటిరి. ఈ పొద్దు మా నీళ్లు మంచివి, అందుకే బాయి లేదంటిరి. మా నీళ్లు ఎట్లుంటే మాకు బాయి ఇస్తారప్పా?"

"ఇది మా డిపార్టుమెంటు ప్రశ్న కాదమ్మా" అన్నారు సారు. "రెవెన్యూ వారికి అర్జీ పెట్టుకో."

"రేత్రి నుంచి నా మనవడు మూలుగు గూడా మానేసినాడు. వానికి ఏ డిపార్టుమెంటు సామీ?"

జవాబు కోసం ఆగలేదామె. గట్టెక్కింది. కుండకు ఉరి బిగించి వదిలింది. బుడుంగుమని శబ్దం వచ్చింది.

"మైలపడిపాయ!" అని కేక వేశాడు ఓబుళరెడ్డి. కర్రలు లేచాయి. "సార్! బాయి చెడిందని ఒక్క మాట అనండి. తక్కినది మేం చూసుకుంటాం!"

ప్రాణేశరావు గారు నోరు తెరిచారు. ఆ నోట ఏం రాబోతున్నదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. చేంతాడు వదలకుండానే ఆయనవైపు తిరిగింది.

"చెప్పు సామీ. నా కుండ తగిలితేనే ఇంత బాయి చెడిపోతే, నా కుండలో నీళ్లన్నీ కడుపులో పోసుకున్న నువ్వేమైతావు? బాయికి మూత వేసే ముందు నిన్ను యాడ పెట్టాల?"

ఊరు ఒక్కసారిగా ఆయనకేసి చూసింది. ఓబుళరెడ్డి చూపు కూడా మెల్లగా షెడ్డు దాకా పోయి వచ్చింది. ప్రాణేశరావు గారి మొహాన చెమట కారింది. నిన్నటి నీళ్లలో ఇంకాస్త బయటికి పోయిందన్నమాట!

"శుద్ధం!" అని అరిచారు. "నీళ్లకేమీ కాలేదు! పరమ శుద్ధం! కర్రలు దించండయ్యా, దించండి! సర్కారు మాట!"

ఒక్కొక్కటిగా కర్రలు దిగాయి. రాహేలమ్మ నిండుకుండ పైకి లాగి చంకకెత్తుకుంది. గట్టు దిగుతూ, ఇంకా దారికి అడ్డంగా నిలబడి ఉన్న మా సారును చూసి, "జరుగు సామీ, వెనక మా వోళ్లందరూ వస్తాండారు" అంది.

ఆయన జరిగారు.