ఉల్లిపాయల మేకు

ఆ ఉదయం ఇసోర వేసుకున్న పథకం చాలా చిన్నది. తన గురువు సర్ బాల్డ్రిన్ డాలును వెనిగరూ ఇసుకా వేసి తోమాలి, ఎండలో ఆరబెట్టాలి, సాయంత్రం దొరసాని ముందు మోకరిల్లి యోధురాలి పట్టం కట్టించుకోవాలి. ఏడేళ్ల శిక్షణ ఇది. పట్టం ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి ఇసోర గుర్రం దొరసాని టోపీ తినేసింది. రెండోసారి ఆవిడ ఆ టోపీని ఇంకా మరిచిపోలేదు. ఈసారీ తప్పితే ఊరికి పోయి నాన్న బాతులు కాసుకోవడమే.

"సాయంత్రానికల్లా నేను సర్ ఇసోరని, మొరేత్ అత్తా!" అంది గంతులేస్తూ, కోట వంటమనిషితో.

"అయ్యాక గంతులెయ్యి. ముందు ఆ వెనిగర్ కొంచెం నాకు మిగుల్చు తల్లీ."

మిగల్చలేదు. కూజా మొత్తం పోసి తోమింది, కడగడం కూడా మరిచిపోయింది. డాలు తళతళలాడింది. దాని మీద చెక్కిన డ్రాగన్ తల పళ్లతో సహా బయటపడింది. నలభై ఏళ్ల కిందట సర్ బాల్డ్రిన్ ఒంటిచేత్తో చంపిన డ్రాగనది. ఆ కథ ఆయన రోజుకోసారి, పండగైతే రెండుసార్లు చెబుతాడు.

పెరట్లో ఎండ లేదు. ఎండంతా కోట గుమ్మం మీదే ఉంది. అక్కడి మేకుకు వేలాడుతున్న ఉల్లిపాయల దండ తీసి కింద పెట్టి, డాలు తగిలించింది.

కొర్వెన్ కోటలో గుమ్మానికి డాలు తగిలిస్తే అర్థం ఒక్కటే: దమ్ముంటే రండి! ఇది ఇసోరకూ కంఠతా వచ్చు. కానీ సవాలు కొక్కెమంటే ఇత్తడిదో, సింహం మొహం ఉన్నదో అనుకుంది గానీ ఆ తుప్పు మేకేనని ఆమెకెవరు చెప్పారు? నలభై ఏళ్లు ఎవరూ సవాలు చేయకపోతే పాపం అది మాత్రం ఏం చేస్తుంది, ఉల్లిపాయలే మోస్తుంది.

ఠంగ్‌మని మోగింది. దారిన పోతున్న పక్క కోట సర్ గోన్వాల్ బల్లెంతో డాలును కొట్టాడు. కొట్టాడంటే సవాలుకు ఒప్పుకున్నట్టే.

"బాల్డ్రిన్! రా బయటికి! ఇరవై ఏళ్లుగా ఈ పిలుపు కోసమే చూస్తున్నా!"

సర్ బాల్డ్రిన్ వేడినీళ్ల తొట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. "నేనెవణ్ణీ పిలవలేదే!"

ఇసోర పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారూ, ఊరికే ఆరేశానండీ!"

"ఎక్కడ?"

"ఉల్లిపాయల మేకుకి."

ముసలాయన మొహం పాలిపోయింది. "శిష్యులు డాలు తగిలిస్తే శిక్షేంటో తెలుసా పిల్లా?"

"పట్టం పోయి మళ్లీ నాన్న బాతులేగా అయ్యగారూ..." ఇసోరకు ఏడుపొచ్చేసింది.

ఈలోగా ఊరు ఊరంతా గుమ్మం ముందు పోగైంది. పిల్లలు గోడలెక్కారు. ఎలాగూ దండ కింద పెట్టారు కదా అని మొరేత్ వందమందికి ఉల్లిపాయల పులుసు పొయ్యి మీదికెక్కించేసింది. తువ్వాలు భుజాన వేసుకుని సర్ బాల్డ్రిన్ కుంటుకుంటూ వచ్చేసరికి జనం ఈలలు మొదలెట్టారు. ఆ ఎండకు డాలు మెరిసిన మెరుపు, ఆయన డ్రాగన్‌ను చంపానని చెప్పే ఎర్రకొండ దాకా పోయింది.

ఉన్నట్టుండి నీడ పడింది. డ్రాగన్ దిగింది. జనం గోడల వెనక్కి, సర్ గోన్వాల్ పక్క ఊళ్లోకి. "ఇంట్లో పనుంది!" అన్న మాట మాత్రం వినబడింది. డ్రాగన్ గోటితో డాలును ఠంగ్‌మని మీటింది.

"చచ్చిందన్నారుగా!" అంది మొరేత్.

"నేను చూసినప్పుడు కదల్లేదు," అన్నాడు సర్ బాల్డ్రిన్.

"పడుకునుంటుంది!"

ఆయన ఆ మాట విననట్టే ఇటు తిరిగాడు. "ఇసోరా, మోకరిల్లు."

"ఇప్పుడాండీ?"

"పోరు గుమ్మంలోకొస్తే ఏ యోధుడైనా పట్టం కట్టొచ్చు. పద్ధతి పద్ధతే!" కత్తి లేదు. మొరేత్ చేతిలో గరిటె లాక్కుని రెండు భుజాల మీదా తట్టాడు. "లే, సర్ ఇసోరా! డాలు తగిలించింది నువ్వు. పోరూ నీదే." ఆ వెంటనే తలుపు వెనక్కి తప్పుకున్నాడు.

ఇసోరకు భయం కన్నా సంతోషమే ఎక్కువైపోయింది. "అత్తా, విన్నావా? సర్ అన్నారు!" అంటూ డాలు లాక్కుని డ్రాగన్ మీదికి కేకలేస్తూ ఉరికింది.

డ్రాగన్ అదరలేదు. డాలు మీదున్నది తన బొమ్మేనా అని మెడ వంచి, ముక్కు ఆనించి, గుండెల నిండా గాలి పీల్చింది. కూజాడు వెనిగర్!

మొదటి తుమ్ముకు డాలంతా మసి పట్టింది. రెండో తుమ్ముకు గుమ్మం తలుపు ఊడి సర్ బాల్డ్రిన్ కనబడ్డాడు. మూడో తుమ్ముకు డ్రాగనే గాల్లోకి లేచింది. కళ్లనీళ్లు కారుస్తూ కొండ దాటిపోయింది. జనం ఇసోరను భుజాల మీదికెత్తుకుని కోట చుట్టూ మూడుసార్లు తిప్పారు.

దొరసాని వచ్చేసరికి పట్టం అయిపోయింది, టోపీ క్షేమంగా ఉంది. సర్ ఇసోర దగ్గర ఇంకా శిష్యులెవరూ చేరలేదు కాబట్టి, మసిబారిన డాలును మళ్లీ తనే తోమింది.

ఈసారి మాత్రం వంటింటి వెనక ఆరేసింది.