పదిహేడో నంబరు ఖాళీ

"ప్రతిభను మొలకలోనే తుంచివేయడం గురువు పవిత్ర కర్తవ్యం. తుంచినా మొలిచేదే అసలైన ప్రతిభ."

ఈ మహావాక్యాన్ని మా చిత్రకళా శాఖాధిపతి, అంటే మేం పెద్దసారు అని పిలుచుకునే ఆయన, మేం కాలేజీలో చేరిన మొదటిరోజే సెలవిచ్చారు. మేం చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాం. ఆ మొలకలం మేమేనని అప్పటికి మాకు తట్టలేదు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లం ముప్ఫైమందిమి. నాలుగేళ్లు తిరిగి చివరి ఏడాదికొచ్చేసరికి పంతొమ్మిదిమందిమి మిగిలాం. పవిత్ర కర్తవ్యం ఎంత నిష్ఠగా సాగిందో మీరే లెక్కేసుకోండి.

నా నంబరు పదిహేడు. నాకో పేరు కూడా ఉందిగానీ, మా శాఖలో దాంతో ఎవరికీ పనిపడలేదు.

చివరి ఏడాది ప్రతివాళ్లూ ఒక పెద్ద చిత్రం వెయ్యాలి. ఏడాది చివర ప్రదర్శన జరుగుతుంది. ఆ ప్రదర్శనలో బొమ్మ గోడకెక్కితేనే పట్టా. గోడకెక్కాలంటే అభిప్రాయ పత్రం అనే పసుపుపచ్చ కాగితం మీద ముగ్గురు గురువులూ సంతకాలు పెట్టాలి. ఆ కాగితంలో ఎడమవైపు గడిలో మన తప్పులుంటాయి. కుడివైపు గడిలో "సవరించబడినది" అని పడాలి. మన ఒప్పులకి గడి లేదు. కాగితం చాలక అనుకుంటాను.

నేను మా పిన్ని బొమ్మ వేశాను. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఆవిడకి ఒక ఇరుకు గదిలో కుట్టుపని కొట్టుంది. నేను బొమ్మలు నేర్చుకున్నది ఆవిడ సుద్దముక్కతో, ఆవిడ కత్తిరించి పారేసిన గుడ్డపీలికల మీద. అందుకే ఆ గదినంతా దింపేశాను. నల్లటి ఇనప కుట్టుమిషను, తొక్కుడుబల్ల మీద పిన్ని కాలు, మెడలో టేపు, పెదాల మధ్య మూడు గుండుసూదులు, చుట్టూ నడుమెత్తు గుడ్డల కుప్పలు. ఒక చొక్కాకి కాజాలు కుట్టి బొత్తాలు కుట్టని సంగతి కూడా వేశాను.

పిన్ని ఈ మాట కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. "మా పిల్ల నా బొమ్మ గీసింది. పెద్దాళ్లొచ్చి చూస్తారంట." అంతటితో ఆగక, ప్రదర్శన రోజుకని నీలం గుడ్డ కొని తనకోసం గౌను కుట్టుకోవడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లలో ఆవిడ సొంతానికి కొలతలు తీసుకోవడం అదే మొదలు.

ఇక్కడ మా గురుత్రయాన్ని పరిచయం చెయ్యాలి. పెద్దసారు తెలుసు కదా. రెండోవారు సిద్ధాంతం మేడం. ఆవిడ బొమ్మ గీయగా చూసినవాళ్లెవరూ లేరు, ఎందుకు గీయకూడదో చెప్పగా విననివాళ్లూ లేరు. మూడోవారు మౌనం సారు. ఆయన మాట్లాడరు, నిట్టూరుస్తారు. పొట్టి నిట్టూర్పు అయితే ఫరవాలేదు. పొడుగుది అయితే వేరే చదువు చూసుకోవాలి.

ప్రదర్శనకి మూడు నెలల ముందు ముగ్గురూ నా దగ్గరికొచ్చారు. పెద్దసారు పసుపు కాగితాన్ని కళ్లకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. అటు ఆయన, ఇటు బొమ్మ, మధ్యలో కాగితం.

"అడుగు బరువుగా ఉంది," అని చదివారు.

"అంటే నీ మూలాలే నీకు బరువైపోయాయి," అని మేడం భాష్యం చెప్పారు. "వాటిని వదిలించుకో."

మౌనం సారు మధ్యరకం నిట్టూర్పు విడిచారు.

నేను మూడు రోజులు మథనపడి, కుట్టుమిషను తొక్కుడుబల్ల చెరిపేశాను. తర్వాత పిన్ని కాలు గాల్లో వేలాడుతోంటే చూడలేక కాలూ చెరిపేశాను. రెండువారాల తర్వాత మళ్లీ వచ్చారు.

"లోపల ఖాళీ చాలదు."

"శూన్యం భరించలేకపోతున్నావు నువ్వు," అన్నారు మేడం. "నింపేవాడు వ్యాపారి. ఖాళీ చేసేవాడు కళాకారుడు."

గుడ్డల కుప్పలు పోయాయి. మిషను పోయింది. ఇంకో రెండువారాలకి "మందం తగ్గించాలి" అన్నారు. కత్తి పెట్టి రంగంతా గీకేశాను. ఆ గీకుడులో పిన్ని మొహం పోయింది. అది గీకిన రోజు నేను అన్నం తినలేదు. అయినా గీకాను, చదువుకున్నదాన్ని కదా.

ఆ తర్వాత పెద్దసారు కాగితం మీదుగా నాకేసి జాలిగా చూసి, "కాల్పు చాలలేదమ్మా," అన్నారు. "కళాకారుడు జీవితంలో కాలాలి. నువ్వింకా పచ్చిగానే ఉన్నావు."

కిందటి వారమే స్టవ్వు దగ్గర చెయ్యి కాల్చుకున్నానని మనవి చేసుకున్నాను. అది లెక్కలోకి రాదన్నారు.

మిగతావాళ్లు ఎవరి తంటాలు వాళ్లు పడుతున్నారు. ఒకడు ధ్యానం మొదలుపెట్టాడు. ఒకమ్మాయి గురువులు నోరు తెరవకముందే తనని తానే తిట్టుకోవడం అలవాటు చేసుకుంది. ఆ అమ్మాయికి ఆత్మవిమర్శ బాగుందని మెచ్చుకోలు కూడా వచ్చింది. నేను మాత్రం ఏం చెబితే అది చేశాను. చెప్పేవాళ్లకి వినేవాళ్లు లోకువని ఊరికే అన్నారా?

ప్రదర్శన తొమ్మిది రోజులుందనగా పిన్ని క్యారేజీ పట్టుకుని స్టూడియోకి వచ్చింది. వచ్చి బొమ్మ ముందు నిలబడింది. బూడిదరంగు గోడ, గోడకి మేకు, మేకుకి వేలాడుతున్న టేపు. అంతే మిగిలింది.

"నేనేదే?" అంది.

"ఉన్నావు పిన్నీ. లేకపోవడంలో ఉన్నావు."

"లేకపోతే ఉండటమేంటే? తిన్నగా చెప్పు."

"సార్లు అలా మార్చమన్నారు."

పిన్ని క్యారేజీ బల్లమీద పెట్టి అడిగింది. "వాళ్లు నీ బొమ్మ చూసే చెప్పారా?"

"చూడకుండా ఎలా చెబుతారు పిన్నీ?"

"ఎందుకు చెప్పరూ? తొడుక్కోకుండానే చొక్కా వదులైందని పోట్లాటకొచ్చేవాళ్లు నాకు నెలకిద్దరు తగులుతారు. నేనేం వాదించను. ముందు కొలతల చీటీ తీసుకురమ్మంటాను. సగంసార్లు అది ఇంకెవరి చీటీయో అయ్యుంటుంది. నీ చీటీ నువ్వు చూసుకున్నావా?"

నాలుగేళ్ల కళావిద్యలో నాకు తట్టని ప్రశ్న అది. అభిప్రాయ పత్రాన్ని నేనెప్పుడూ వెనకవైపు నుంచే చూశాను.

మర్నాడు ఆఫీసుకెళ్లాను. మా శాఖ గుమాస్తాగారు ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీలో ఉన్న మనిషి. తాళాలు, ముద్రలు, ఫైళ్లు అన్నీ ఆయనవే.

"నా పత్రం ఒక్కసారి చూపిస్తారా?"

"విద్యార్థులకి చూపించడం నిబంధనలకి విరుద్ధం," అన్నారాయన. తర్వాత లేచారు. "నేను మంచినీళ్లు తాగొస్తాను. ఆ ఫైలు కిందపడితే కాస్త తీసి పెట్టు తల్లీ."

ఫైలు కిందపడింది. తీశాను. పత్రం మొత్తం చదివాను.

ఒకటి: అడుగు బరువుగా ఉంది. రెండు: లోపల ఖాళీ చాలదు, గరిటెడు నీళ్లు కూడా పట్టవు. మూడు: మందం తగ్గించాలి, వేలితో తడితే మోగాలి. నాలుగు: కాల్పు చాలలేదు, బట్టీలో ఇంకో పూట ఉంచాలి. ఐదు: కారుతోంది.

పైన నంబరు పదిహేడు. పక్కన "వస్తువు" అనే గడిలో ఒకే మాట: కూజా.

గుమాస్తాగారు తిరిగొచ్చేసరికి నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు.

"ఇది కూజా గురించండీ," అన్నాను.

"అవునమ్మా. రెండేళ్ల కిందటి పదిహేడో నంబరు. మట్టిపని శాఖ అబ్బాయి. ఆ శాఖ ఎత్తేసి మనలో కలిపారు కదా, ఫైళ్లూ కలిసిపోయాయి. కొత్త అభిప్రాయాలు ఇప్పించండి సార్ అని ఏటా మన ముగ్గురు గురువుల్నీ అడుగుతూనే ఉన్నాను. 'పాతవే కానివ్వవయ్యా, విద్యార్థులు మారతారుగానీ తప్పులు మారవు' అంటారు."

"మరి ఇది ఎవరు రాశారు?"

"మట్టిపని మేష్టారు. పాపం ఆయనకో చాదస్తం ఉండేది. కూజా చేత్తో పట్టుకుని, తట్టి, నీళ్లు పోసి చూసిగానీ రాసేవాడు కాదు. పదవీ విరమణ చేశాడు."

"మిగతావాళ్ల పత్రాలో?"

ఆయన గొంతు తగ్గించారు. "పదకొండో నంబరుకి చెక్కపని పత్రం వెళ్లింది. అందులో చెద పట్టిందని ఉంది. అది సమాజానికి పట్టిన చెద అని మేడంగారు చెప్పారంట. ఆ కుర్రాడు రెండు నెలలుగా చెదపురుగులే వేస్తున్నాడు."

"మీరు ఒక్కమాట చెప్పొచ్చు కదండీ వాళ్లకి?"

"చెప్పాను. 'కళ గురించి నీకేం తెలుసు' అన్నారు. నిజమే కదా, నాకేం తెలుసు?" ఆయన ఫైలు సర్దుతూ ఆగారు. "కానీ సాయంత్రం తాళాలు వేసేటప్పుడు మీ బొమ్మలన్నీ చూస్తుంటాను. నీ బొమ్మలో మొదట్లో ఒకావిడ ఉండేది, గుండుసూదులు పెదాలతో పట్టుకుని. మా చెల్లెలూ అచ్చం అలాగే పట్టుకునేది. ఆవిణ్ణి ఎందుకు చెరిపేశావమ్మా?"

నాలుగేళ్లలో నా బొమ్మ చూసి కాలేజీలో ఒక మనిషి అన్న మొదటి మాట అదే. అక్కడే, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేశాను.

ఏడ్చాక ఆలోచించాను. ఫిర్యాదు చేస్తే విచారణ సంఘం వేస్తారు. ఆ సంఘంలో ముగ్గురు సభ్యులుంటారు. ఏ ముగ్గురో చెప్పనక్కర్లేదు. చెయ్యకుండా బూడిదరంగు గోడని అలాగే వేలాడదీస్తే పట్టా వస్తుంది. కానీ నీలం గౌను తొడుక్కుని వచ్చిన పిన్నికి మేకు చూపించాలి.

"మళ్లీ వేసేస్తానండీ," అన్నాను. "కానీ 'సవరించబడినది' అని ఎవరు రాస్తారు?"

"ఆ గడి నేనే నింపుతాను. అయితే ఒకటి, నేను అబద్ధం రాయను." ఆయన కళ్లజోడు సర్దుకుని, కలం తీశారు. "అడుగు బరువు తగ్గించావా?"

"తగ్గించాను. ఇప్పుడు మళ్లీ పెంచబోతున్నాను."

"తగ్గించావు కదా, చాలు. తర్వాతి సంగతికి గడి లేదు. లోపల ఖాళీ?"

"మొత్తం ఖాళీ చేశాను."

"మందం?"

"కత్తి పెట్టి గీకాను."

"కాల్పు?"

చెయ్యి చూపించాను. ఆయన మచ్చని పరీక్షగా చూసి రాసుకున్నారు. "కారడం ఆగిపోయింది, ఇందాకే నా కళ్లతో చూశాను," అని చివరి గడి కూడా నింపేశారు.

ఎనిమిది రోజులు స్టూడియోలోనే గడిపాను. తొక్కుడుబల్ల వచ్చింది. కాలు వచ్చింది. గుడ్డల కుప్పలు మునుపటికంటే ఎత్తుగా లేచాయి. అన్నిటికంటే కష్టం మొహం. ఒకసారి గీకిన మొహం మళ్లీ తొందరగా నమ్మదు. ఆరోసారికి గుండుసూదుల మధ్య నుంచి పిన్ని నన్ను కోప్పడబోతున్నట్టు చూసింది. అప్పుడు కుంచె కింద పెట్టాను.

ప్రదర్శన రోజు పిన్ని కొట్టు మూసి వచ్చింది. నీలం గౌను బ్రహ్మాండంగా కుదిరింది. మెడలో టేపు తియ్యడం మాత్రం మర్చిపోయింది. బొమ్మని పైనుంచి కిందికి చూసి, "బొత్తాలు కుట్టని చొక్కా కూడా వేశావా, పరువు తీశావు కదే," అని కళ్లు తుడుచుకుంది.

అంతలో బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడితో గురుత్రయం దయచేసింది. ఒక్కసారి ఆ కాగితం దించి చూస్తే చాలు, నా పట్టా అక్కడితో సరి. పెద్దసారు పసుపు కాగితం కళ్లకెదురుగా ఎత్తారు.

"ఈ అమ్మాయి సాధించిన పరిణతి చూడండి. మొదట్లో అడుగు చాలా బరువుగా ఉండేది. ఇప్పుడు గాల్లో తేలుతోంది."

ఆయన చెయ్యి చాచి చూపించిన చోట మణుగు బరువున్న ఇనప మిషను, దాని తొక్కుడుబల్లా ఉన్నాయి.

"ఆ ఖాళీ చూడండి," అన్నారు మేడం తన్మయంగా. "పూర్తి శూన్యం. వస్తువనేదే లేదు."

బొమ్మలో గుండుసూది గుచ్చడానికి కూడా చోటు లేదు.

మౌనం సారు బొమ్మకేసి చూశారు. తర్వాత పిన్నికేసి చూశారు. మళ్లీ బొమ్మకేసి చూశారు. నోరు తెరిచారు. నాలుగేళ్లలో మొదటిసారి ఆయన గొంతు వింటామనుకున్నాను. ఆయన నోరు మూసుకుని, పొట్టి నిట్టూర్పు ఒకటి విడిచి, సంతకం పెట్టేశారు. మేడం పెట్టారు. పెద్దసారు పెట్టారు.

పరీక్షకుడు పత్రం అందుకుని చదివి, "ఇంత ఖాళీ ఈ మధ్య నేను ఎక్కడా చూడలేదు," అని తనూ పెట్టారు. అప్పుడు తలెత్తితే బొమ్మకి అడ్డంగా పిన్ని నిలబడి ఉంది.

"అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా," అన్నారు పెద్దసారు. "మీరు అడ్డంగా ఉంటే ఖాళీ కనబడటం లేదు."

"జరుగుతానండి," అంది పిన్ని. "ఆ ఖాళీని నేనే." జరగబోయి ఆగింది. ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, మెడలో టేపు సవరించుకుంది. "మీ చొక్కా ఎడం భుజం అంగుళం జారింది సార్. చూసే చెబుతున్నాను."

పెద్దసారు తన భుజం చూసుకున్నారు. అంగుళమే జారింది. తర్వాత పిన్నిని చూశారు. ఆ తర్వాత, నాకు తెలిసి మొట్టమొదటిసారి, కాగితం దించి బొమ్మని చూశారు.

సంతకాల సిరా అప్పటికే ఆరిపోయింది.