ఆకాశం రంగు నేల

బుధవారం పొద్దున లువాన్ పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిది లోపల తమ బియ్యపు నూడుల్స్ కార్ఖానా నేలకి పూత వేసెయ్యడం, ఆ తరవాత గడప మీద కూర్చుని అది ఆరేదాకా కాపలా కాయడం. ఈ రెండో సగం మీదే అతనికి మక్కువ ఎక్కువ.

కాలువ ఒడ్డునున్న ఆ కార్ఖానా నేల ఇరవై ఏళ్ళుగా బియ్యపు కడుగు తాగి తాగి పాడైపోయింది. సిమెంటు పొరలు పొరలుగా లేచిపోతోంది. ఊడిస్తే బూడిద, కడిగితే బురద. గురువారం ఆరోగ్యశాఖ తనిఖీ ఉంది. అది గట్టెక్కితే మూడు బడుల్లో మధ్యాహ్నం భోజనానికి నూడుల్స్ వీళ్ళవే. గట్టెక్కకపోతే కార్ఖానా మూసుకోవాలి, అందులో పిండి రుబ్బే ఎనిమిది మంది ఆడవాళ్ళు వేరే పని వెతుక్కోవాలి.

ఏ పూత వెయ్యాలన్న చర్చ రెండు వారాల ముందే నడిచింది. రంగుల కొట్టు దాత్ మూడు రకాల పూతలు వేసిన మూడు సిమెంటు పలకలు తెచ్చి కొట్లో బల్ల మీద పరిచాడు.

"ఇదేమో నేలలోకి ఇంకిపోయే రకం వదినా. వేసినట్టే కనబడదు."

"అదే ఇవ్వు. కనబడకుండా పని చేసేవాళ్ళంటే నాకు గౌరవం," అంది లువాన్ భార్య తుయెత్, మొగుడి వైపు చూస్తూ.

"మీ పులిసిన నీళ్ళకి అది ఆగదు వదినా. ఇంటి వరండాకైతే సరే. మీకు ఎపాక్సీయే వెయ్యాలి. రెండు డబ్బాలు కలిపి, కలిపిన అరగంటలో పూసెయ్యాలి. లేటయితే బకెట్లోనే రాయైపోద్ది. బూడిద రంగుది మెరవదు. ఈ ఆకాశం రంగుది మెరుస్తుంది."

లువాన్ ఆకాశం రంగు పలకను రెండు చేతులా ఎత్తి వెలుతురుకి పట్టాడు. కొట్టు కిటికీ, కిటికీ అవతల కొబ్బరాకు, ఆకు వెనక తెల్లటి మబ్బు అన్నీ అందులో తలకిందులుగా, తడితడిగా కదిలాయి. మబ్బు మెల్లగా పలక ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేదాకా అతను దాన్ని కింద పెట్టలేదు.

"బూడిద రంగు చాలు," అంది తుయెత్. "నేలలో మొహం చూసుకుంటూ నూడుల్స్ చేస్తామా?"

"మొహం కాదే," అన్నాడు లువాన్. "మబ్బు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ గొంతు ఆమె నాలుగైదుసార్లే విన్నది. ఆ గొంతుతో వాదించి లాభం లేదని మొదటిసారే తెలిసిపోయింది.

మనిషి కలలు కనేవాడే అయినా పని మటుకు శ్రద్ధగా చేశాడు. నేలంతా గీకాడు, నాలుగు రోజులు ఆరబెట్టాడు. చదరం ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులు టేపుతో అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి తీసి చూశాడు. అడుగున ఒక్క చెమ్మ చుక్క కూడా లేదు.

బుధవారం తుయెత్ స్కూటర్ తీస్తూ, "నేను బజారుకెళ్ళొస్తా. ఆరేదాకా పిల్లి కూడా అడుగు పెట్టకూడదు. కూర్చుని నిద్రపోయేవు సుమా!" అంది.

"నేనా?" అన్నాడు లువాన్, నిజంగానే నొచ్చుకుంటూ.

వెనక గోడ దగ్గర మొదలుపెట్టి, అడుగడుగూ వెనక్కి జరుగుతూ, పొడుగు కర్ర రోలరుతో పూసుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. గాలి ఆడాలని రెండు తలుపులూ బార్లా తెరిచాడు. గడప మీద కూర్చుని వెనక్కి తిరిగి చూశాడు. పైకప్పులో గాజు రేకులున్న చోటల్లా కింద ఆకాశం తెరుచుకుని ఉంది. ఒక మబ్బు పిండి తొట్టి పక్కనుంచి బయల్దేరి, స్తంభాన్ని చుట్టి, గోడలోకి వెళ్ళిపోయింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి ఆ మబ్బుల మధ్య ఒక పడవ కూడా వచ్చింది. అందులో తెడ్డు పట్టుకుని కూర్చున్నది తనే. తెడ్డు వేస్తే చప్పుడు లేదు, నీరు చెదరడం లేదు. ఆరవేసిన నూడుల్స్ తెరచాపల్లా ఊగుతున్నాయి.

సరిగ్గా ఆ సమయానికి పక్కింటి హాయ్ అత్త తన నూట ఇరవై బాతుల్ని కోసిన పొలానికి తోలుకెళ్తోంది. అవి పరిగెలు తిని బతికే బాతులు, నీళ్ళు కనబడితే ఆగవు. ముందున్న ముసలి బాతు కార్ఖానాలోకి తొంగి చూసింది. నిద్రపోతున్న లువాన్ కాళ్ళ మీదుగా ఎక్కి లోపలికి నడిచింది. మిగతావన్నీ దాని వెనకే వెళ్ళాయి. ఈదడానికి సిద్ధపడి వెళ్ళినవి, నీళ్ళు మునగనివ్వకపోయేసరికి మధ్యలో నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

బాతుల వెనకే వచ్చిన హాయ్ అత్తకు డెబ్భై నాలుగేళ్ళు. కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయింది. ఆమెకు కనబడిందల్లా కార్ఖానా నిండా నీళ్ళు, నీళ్ళ మీద తన బాతులు, ఒడ్డున కాళ్ళు చాపి, తల వాల్చి, కదలకుండా లువాన్.

"అయ్యో దేవుడో! కట్ట తెగింది! నీళ్ళొచ్చేశాయి! లువాన్ పోయాడర్రా!"

అది వరదల కాలం. ప్రతి ఇంటి ముందూ ఇసుక బస్తాలు సిద్ధంగా ఉన్నాయి. కేకతో పాటే బస్తాలూ లేచాయి. పది నిమిషాల్లో నలభై మంది పోగయ్యారు, ఒకాయన పడవ కూడా మోసుకొచ్చాడు. లువాన్ కళ్ళు తెరిచేసరికి అతని కల ఊరంతటితో నిండిపోయి ఉంది.

"బతికాడు! బాబాయ్ బతికాడు!"

"ఆగండి! వెయ్యకండి, అది నీళ్ళు కా..."

"పాపం, నీళ్ళు మింగి మాట్లాడలేకపోతున్నాడు. పక్కకి లాగండి!"

మొదటి బస్తా లోపల పడింది. ఏడాదిగా ఎండకు ఎండిన గోతాం, నేల తగలగానే టప్పున పగిలింది. రెండోదీ అంతే. పదిహేను బస్తాలు పడ్డాయి. నీళ్ళు చిందలేదేమిటని ఒక్కరికీ తోచలేదు. బాతులు బెదిరిపోయి రెక్కలు కొట్టుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగులు పెట్టాయి. ఆ రెక్కల గాలికి ఇసుక లేచి, మూలమూలకీ పరుచుకుని, పూతకి అంటుకుంది. ఆకాశం ఆరిపోయింది.

హాయ్ అత్త వంగి, నేలను వేలితో తాకి చూసింది. "ఏంట్రా లువాన్, నీళ్ళు గట్టిపడ్డాయి?"

అప్పుడొచ్చింది తుయెత్ స్కూటరు. బజారుకు చేరేసరికి కబురు పెద్దదైంది. కార్ఖానా కొట్టుకుపోయిందని, లువాన్ శవం కూడా దొరకలేదని ఆమెతో చెప్పారు. స్కూటరు పడేసి వచ్చి, అందరి ముందూ మొగుణ్ణి గట్టిగా కావిలించుకుంది. తరవాత అతని భుజం మీదుగా లోపలికి చూసింది.

"నువ్వు పోయావని దారంతా ఏడుస్తూ వచ్చా," అంది మెల్లగా. "ఆ ఏడుపేం వృథా కాలేదులే."

దాత్ వచ్చి, గోడ మూల గోటితో గీరి చూసి పెదవి విరిచాడు. "ఇప్పుడు గీకితే మొత్తం ఊడొస్తుంది. ఆరనివ్వండి. తరవాత దేవుడున్నాడు."

సాయంత్రం కాలువ గట్టున లువాన్ ఒక్కో బాతునూ ఒళ్ళో పెట్టుకుని, నీలం కాళ్ళకి వంట నూనె రాసి తుడుస్తుంటే, తుయెత్ ఇంకో బాతును తీసుకుని పక్కన కూర్చుంది.

"రేపు ఆ ఆడవాళ్ళకి ఏం చెప్పాలి?" అంది.

అతను తుడిచిన బాతును నీళ్ళలోకి వదిలి ఇంకోదాన్ని అందుకున్నాడు. ఆమే మళ్ళీ అడిగింది. "ఇంతకీ మబ్బులు కనబడ్డాయా?"

"అరగంట సేపు."

"బాగున్నాయా?"

"ఒక పడవ కూడా ఉందే."

తుయెత్ బాతు కాలు తుడుస్తూ నీళ్ళకేసి చూసింది. "నన్ను ఎక్కించుకున్నావా?"

"నువ్వు బజారు నుంచి ఇంకా రాలేదు," అన్నాడు లువాన్. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

గురువారం తనిఖీకి హాన్ అనే అధికారిణి వచ్చింది. ఎడమ చేతికి కట్టు ఉంది. విడిగా ఉన్న ఇసుకంతా తెల్లవారకముందే ఊడ్చేశారు. అంటుకున్నది మాత్రం ఉప్పుకాగితంలా ఉండిపోయింది. ఆమె బకెట్టు నీళ్ళు తెప్పించి నేల మీద కుమ్మరించింది. చెప్పులతో నడిచింది, మడమ గట్టిగా రుద్దింది, వంగి అరచేత్తో తడిమింది.

"ఈ వారం నాలుగు కార్ఖానాలు చూశాను," అంది హాన్. "నాలుగూ అద్దాల్లా ఉన్నాయి. మూడో దాంట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. నీళ్ళు పడే చోట పూత పచ్చిగా ఉండగానే ఇసుక చల్లాలని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. మొదటిసారి ఒకళ్ళు విన్నారు. ఇంత సమంగా చల్లిందెవరు?"

లువాన్ గొంతు సవరించుకున్నాడు. "పేట వాళ్ళంతా తలో చెయ్యి వేశారండీ."

"ఇసుక సందుల్లో పిండి ఇరుక్కోకుండా పైన పలచగా ఇంకో పూత వెయ్యండి. మెరవని రకం," అని కాగితం మీద సంతకం పెట్టేసింది.

"బూడిద రంగు," అంది తుయెత్ వెంటనే. ఈసారి లువాన్ బుద్ధిగా తల ఊపాడు.

హాన్ చెప్పిన మాట వారం తిరక్కముందే కాలువ వెంట ఉన్న కార్ఖానాలన్నిటికీ పాకింది. ఆ ఏడు మా పేటకు వరద రాకపోవడమే మంచిదైంది, అడ్డం వెయ్యడానికి ఒక్క ఇంటి ముందూ ఇసుక బస్తా మిగల్లేదు.